కడియం షటిల్ డ్యూటీ

“టికెట్టండీ!”

“స్టాఫ్.”

“కార్డు చూపించండి.”

రమేష్ బాబు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. సంచీలో చెయ్యి పెట్టి టిఫిన్ డబ్బా, దువ్వెన, గొడుగు ఒక్కొక్కటే బయటికి తీశాడు. కార్డు రాలేదు. ఎలా వస్తుంది? అది నిన్నటి వానకి తడిసిన ప్యాంటు జేబులో ఉంది. ఆ ప్యాంటు ఇంట్లో దండెం మీద ఆరుతోంది.

“ఇంట్లో మర్చిపోయానండి. వెలగలపాలెం డిపోకి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. ఇవాళే జాయినింగ్.”

“అలాగా. అయితే టికెట్ తీసుకోండి.”

“స్టాఫ్‌నని చెప్తున్నా కదండీ. మనిషిని చూస్తే తెలియట్లేదా?”

“మనిషిని చూస్తే తెలిసిపోయేదయితే కార్డులు ఎందుకు ఇస్తారండీ?”

బస్సు నిండా కడియం నుంచి పువ్వుల మొక్కలు అమ్మకానికి తెస్తున్న ఆడవాళ్ళు. గులాబీ మొక్కల బుట్టల మధ్య ముళ్ళు గుచ్చుకోకుండా ఒంటికాలి మీద నిలబడ్డ రమేష్ బాబుని చూసి వాళ్ళు కిసుక్కున నవ్వారు. అతనికి ఉక్రోషం వచ్చింది.

“ఇంతమందిలో ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. నా ఒక్కడి మీదే పడ్డారేంటండీ?”

“ఆడవాళ్ళకి ఫ్రీ అండి. జీరో టికెట్ కొట్టాను.” కండక్టరమ్మాయి టికెట్ మిషను మీద వేలు పెట్టి, కళ్ళెత్తి అతన్ని చూసింది. “మీక్కూడా కొట్టమంటారా?”

ఈసారి డ్రైవరు కూడా నవ్వాడు.

రమేష్ బాబు చిల్లర ఏరి చేతిలో పెట్టాడు. ఆమె చురుగ్గా టికెట్ చింపి ఇచ్చింది. ఖాకీ కోటు, నల్లటి జడ, కిటికీలోంచి కొట్టిన జల్లుకి తడిసిన చెంప. ఆ చెంప తుడుచుకోడానికి కూడా తీరిక లేకుండా ఆమె ముందు సీటుకి వెళ్ళిపోయింది. పరువు పోయిన మనిషి కోపంగా కిటికీ బయటికి చూడాలి. రమేష్ బాబు మాత్రం దిగేదాకా ఆ ఖాకీ కోటునే చూస్తూ కూర్చున్నాడు.

డిపోలో దిగి అతను సరాసరి ఆఫీసులోకి నడిచాడు. వెనకే లెక్క అప్పజెప్పడానికి వచ్చిన ఆమె గుమ్మంలో ఆగిపోయింది. అతను కూర్చున్న కుర్చీ మామూలు కుర్చీ కాదు. డిపోలో ఏ కండక్టరు ఏ రోజు ఏ బస్సు ఎక్కాలో రాసి, గోడ మీద చార్టు అంటించే గుమాస్తా కుర్చీ అది. అక్కడ కూర్చున్నవాడితో డిపోలో ఎవరూ తగువు పెట్టుకోరు.

“అయిపోయాను,” అనుకుంది కృపారాణి.

అయిపోయినవాడు నిజానికి కుర్చీలో ఉన్నాడు.

వెలగలపాలెం డిపోలో డ్యూటీలన్నిట్లోకీ సుఖమైంది కడియం షటిల్. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. దారంతా నర్సరీలు, పచ్చదనం, పువ్వుల వాసన. ప్రయాణికులు తెలిసినవాళ్ళు. ఆ డ్యూటీ కోసం జనం గుమాస్తాకి పూతరేకులు తెచ్చిపెట్టిన రోజులున్నాయి.

మనవాడు ఆ షటిల్‌ని కృపారాణి పేరున రాశాడు. మళ్ళీ వారం మళ్ళీ రాశాడు. ఆ తర్వాత అది ఆమె సొత్తే అయిపోయింది.

అంతటితో ఊరుకున్నాడా? లేదు. వచ్చిన మొదటి ఆదివారం లూథరన్ చర్చికి తన తల్లి దేవకుమారిని తీసుకెళ్ళి, పాటల బృందంలో మొదటి వరసలో కృపారాణిని చూశాడు. చూశాక ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. సోమవారం కూర్చుని ఆమెకి ఆదివారాలన్నీ సెలవు వేసేశాడు. పాట పాడే మనిషికి ఆదివారం బస్సులో ఏం పనండీ?

వానలో తడవకూడదు, రాత్రి పూట తిరగకూడదు, ఆదివారం అలిసిపోకూడదు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పే ధైర్యం లేక, తన ప్రేమనంతా చార్టులోనే గళ్ళు గళ్ళుగా రాసుకుంటూ పోయాడు. ఏదో ఒక రోజు ఆమె చార్టు చూసి, విషయం గ్రహించి, తన ఆఫీసు కిటికీ వైపు తిరిగి నవ్వుతుందని ఆశ.

ఆమె చార్టు చూసేది. కిటికీ వైపు తిరిగేది. నవ్వు మాత్రం రాదు; ఆ చూపుకి అతను తల దించుకుని పెన్ను వెతుక్కునేవాడు.

“సిగ్గుపడుతోంది కాబోలు,” అనుకున్నాడు పిచ్చి నాయన.

అక్టోబరులో జీతాల రోజున క్యాంటీన్లో బుల్లబ్బాయి అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. బుల్లబ్బాయిదీ కృపారాణిదీ ఒకటే బ్యాచ్. ఒకటే రోజు ఉద్యోగంలో చేరారు, ట్రైనింగులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మనిషి మంచివాడే కానీ గుట్టు తెలియదు.

“ఈ నెల బాగా ముట్టింది కృపా! విశాఖ సర్వీసు పుణ్యం,” అంటూ ఫోన్లో తన పే స్లిప్పు తెరిచి చూపించాడు.

ఆమె తన ఫోన్ తీసి పక్కన పెట్టింది. రెండిట్లోనూ బేసిక్ ఒకటే. డీఏ ఒకటే. కిందికి వచ్చేసరికి అతను ఇంటికి తీసుకెళ్ళేది ఎక్కడో ఉంది, ఆమెది ఎక్కడో ఉంది. రాత్రి పై ఊళ్ళో ఆగే బస్సుకిచ్చే నైట్ అవుట్ అలవెన్సు, ఓవర్ టైం, ఆదివారం డ్యూటీకి అదనం, దూరం సర్వీసుకి ఇన్సెంటివు. అతని స్లిప్పులో అన్నీ ఉన్నాయి. ఆమె స్లిప్పులో ఆ చోట్లన్నీ సున్నాలు.

బజ్జీ ఆకులోనే వదిలేసి కృపారాణి లేచింది. బయట వాన దంచుతోంది. గొడుగు కూడా వేసుకోకుండా ఆవరణ దాటి కిటికీ ముందు నిలబడింది.

“నేనేం తప్పు చేశానండీ?”

రమేష్ బాబు గుండె ఝల్లుమంది. ఆమె తనంతట తాను మాట్లాడటం ఇదే మొదలు. “మీరా? తప్పా? అయ్యో, లేదండి!”

“మరెందుకండీ నా మీద ఈ కక్ష? టికెట్ కొట్టినందుకేనా? కార్డు లేకపోతే మా నాన్నకైనా టికెట్ కొడతాను నేను. దానికి ఇన్ని నెలలు శిక్ష వేస్తారా?”

“శిక్షేంటండీ? కడియం షటిల్ అండి అది! డిపోలో దానికోసం కొట్టుకు చస్తారు. మీకు కష్టం లేకుండా ఉంటుందని, నేనే, అంటే...”

“కష్టం లేకుండా అని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి. నేనే అనుకున్నాను.”

“ఆదివారాలు?”

“మీరు పాడతారు కదండీ.”

“ఆరాధన పదిన్నరకి అయిపోద్దండి. మధ్యాహ్నం బస్సు ఎక్కలేనని మీతో ఎవరన్నారు?” ఆమె జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. “ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా జీతం ఒకటేనని సంస్థ రాసిచ్చింది. ఆ మాట మీద ఉద్యోగంలో చేరాను. తీరా చూస్తే జీతమంతా ఆ చార్టులో ఉంది. డబ్బులొచ్చే డ్యూటీలన్నీ మగాళ్ళకి, పువ్వుల వాసనొచ్చే డ్యూటీలన్నీ మాకూ! మీ మంచితనం ఖరీదు ప్రతి నెలా నా జీతంలోంచి పోతోందండి.”

రమేష్ బాబు ఏదో ఒకటి అనాలి కాబట్టి అనకూడనిది అన్నాడు. “మీకు ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయాండీ? డబ్బు అవసరం...”

“బుల్లబ్బాయిని అడిగారా ఆ మాట?”

“లేదండి.”

“మరి నన్నెందుకు అడుగుతున్నారు? నా పనికి నా జీతం కావాలంటే ఇంట్లో కష్టాలు చెప్పుకోవాలాండీ?” ఆమె మొహం మీది వాన నీళ్ళు తుడుచుకుంది. “మీతో చెప్పుకోడానికి రాలేదు. కాకినాడ వైపు ఇంకో డిపోలో ఆడవాళ్ళకి కూడా వంతు ప్రకారం నైట్ సర్వీసులు వేస్తున్నారట. ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకున్నాను. కాగితం మేనేజరు గారి టేబుల్ మీద ఉంది. సోమవారం పైకి వెళ్ళిపోద్ది. ఆ తర్వాత మీ షటిల్ మీ ఇష్టమొచ్చినవాళ్ళకి వేసుకోండి.”

ఆమె వెళ్ళిపోయింది. కిటికీ గట్టు మీద ఆమె చేతుల తడి మిగిలింది.

ఆ తడినే చూస్తూ రమేష్ బాబు చాలాసేపు కూర్చున్నాడు. ఆమె వెళ్ళిపోతుందన్న బాధ ఒకటి. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. తను ఇష్టపడ్డ మనిషి రోజూ తన ముందు నుంచే నష్టపోతూ నడిచి వెళ్ళింది, ఆ నష్టం వడ్డించింది తన చెయ్యే. పైగా ఆమె సిగ్గుపడుతోందనుకున్నాడు. తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

డిపో మేనేజర్ గున్నేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. ఏ సంగతైనా బత్తాయి ఒలుస్తూ వింటారు, తొనలు సగం అవతలివాళ్ళకే పెడతారు. రమేష్ బాబు చెప్పిందంతా ఆయన ఒక కాయ పూర్తయ్యేదాకా విన్నారు.

“చూడవయ్యా. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పరాయి ఊళ్ళో రాత్రి పూట ఈ పిల్లలకి ఏదైనా అయితే నేను వాళ్ళ తల్లిదండ్రులకి ఏం చెప్పాలి?”

“ఏమీ కాకుండా మనం చూడాలి సార్. దాని బదులు జీతం తగ్గిస్తున్నాం.”

“తగ్గించామా? ఎవరు తగ్గించారు?” ఆయన తొన మధ్యలో ఆపారు. “వాళ్ళు రాత్రి డ్యూటీలు ఎప్పుడూ అడగలేదయ్యా.”

“మనం ఎప్పుడైనా వాళ్ళని అడిగామా సార్?”

గున్నేశ్వరరావు గారు గింజలు ఏరి పక్కన పెట్టారు. “విశాఖలో సిబ్బందికి పడక గది ఒకటే. మగాళ్ళందరూ వరసగా పడుకుంటారు. ఆడవాళ్ళకని ఇంకో గది కట్టారు కానీ అందులో పాత టైర్లు పడేశారు. ఆ గది ఖాళీ అయితే, ఇక్కడ ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళు వెళ్తామంటే, నాకేం అడ్డు లేదు. కానీ అక్కడివాళ్ళు కదిలించరు. నేను ఉత్తరాలు రాసి విసిగిపోయాను.”

“నేను కదిలిస్తాను సార్.”

“టైర్లనా, వాళ్ళనా?”

“ముందు ఏది కదిలితే అది సార్.”

ఆయన నవ్వి బత్తాయి తొన అతని చేతిలో పెట్టారు. “ఆ పిల్ల కాగితం మీద సోమవారం సాయంత్రందాకా సంతకం పెట్టను. వెళ్ళు.”

రమేష్ బాబు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, డ్యూటీ వేసే ముందు మనుషుల్ని అడగడం మొదలుపెట్టాడు. డిపోలో ఆడ కండక్టర్లు గుప్పెడుమంది. అందరిలోకీ పెద్దావిడ శ్యామలాంబ గారు.

“రాత్రి సర్వీసా? నా మోకాళ్ళు చూశావా నాయనా? నాకు షటిలే ముద్దు,” అందావిడ. “కానీ ఒకటి. ఇన్నేళ్ళ సర్వీసులో నీకేం కావాలమ్మా అని అడిగిన గుమాస్తావి నువ్వే. అడిగావు చూడు, అదే చాలు.”

మిగతావాళ్ళలో ఒకమ్మాయి వారానికి ఒకసారైతే వెళ్తానంది. ఒకమ్మాయి పిల్లాడు బడికి వెళ్ళేదాకా వద్దంది. ఇద్దరు ఎగిరి గంతేశారు. రమేష్ బాబుకి ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే మనసు ఉంటుందన్నట్టు చార్టు వేస్తూ వచ్చాడు.

భయమంతా మగాళ్ళతోనే. సైకిల్ స్టాండు దగ్గర బుల్లబ్బాయి పట్టుకున్నాడు.

“గురువుగారూ, విశాఖ సర్వీసు ఆడాళ్ళకి కూడా వేస్తారంట?”

“వంతు ప్రకారం అండి. మీది పూర్తిగా తీసెయ్యను, కానీ కొంచెం...”

“అంటే నాకు షటిల్ వస్తుందా?”

“వస్తుందండి. ఏమీ అనుకోకండి.”

బుల్లబ్బాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అనుకోడమేంటండీ బాబూ! మాకు పాప పుట్టి రెండు నెలలైంది. నేనింటికి వెళ్ళేసరికి నిద్రపోతుంది, లేచేసరికి నేను బస్సులో ఉంటాను. నన్ను చూస్తే కొత్తోడని ఏడుస్తోంది. మగాడివై ఉండి షటిల్ అడుగుతావా అని నవ్వుతారని నోరు మూసుకున్నాను. వారంలో సగం రోజులు నాకు షటిల్ పడేయండి. డబ్బులు తగ్గితే తగ్గాయి.”

రమేష్ బాబుకి ఆ క్షణంలో అతన్ని కావలించుకోవాలనిపించింది. సైకిల్ అడ్డంగా ఉండబట్టి ఊరుకున్నాడు.

శనివారం సాయంత్రం సంచీ సర్దుకుని విశాఖ బస్సెక్కాడు. వాళ్ళమ్మ దేవకుమారి గుమ్మంలో నిలబడి, “ఆదివారం చర్చి మానేసి ఎక్కడికిరా?” అంటే, “గది ఒకటి చూడాలమ్మా,” అన్నాడు. కొడుకు మళ్ళీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడేమోనని ఆవిడ రాత్రంతా బెంగపడింది.

అక్కడి స్టోర్స్ ఇన్‌చార్జి కుర్చీలోంచి లేవలేదు. “మనుషుల్లేరండి. ఎవరు మోస్తారు?”

“తాళం ఇవ్వండి చాలు.”

అసలే బక్కమనిషి. బస్సు టైరు అతని నడుందాకా వస్తుంది. ఒక్కొక్కటే దొర్లించుకుంటూ వానలో అవతల షెడ్డులోకి చేర్చాడు. విరిగిన సీట్లు మోశాడు. గది కడిగాడు. అతని అవస్థ చూసి ఇద్దరు మెకానిక్కులు జాలిపడి చెయ్యి వేశారు. కాసేపటికి ఇన్‌చార్జి గారు కూడా సిగ్గుపడి రెండు మంచాలు, ఒక ఫ్యాను ఇప్పించారు. అంతా అయ్యాక తలుపు మూసి చూస్తే లోపల గడియ లేదు.

ఆదివారం తెరిచిన కొట్టు కోసం తిరిగి తిరిగి, ఒక గట్టి ఇత్తడి గడియ కొని తెచ్చి బిగించాడు. లోపల నుంచి వేసుకుని, తలుపుని బయట నుంచి మెకానిక్కుల చేత తోయించి చూశాడు. కదల్లేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. ప్రేమించినవాళ్ళు ఉత్తరాలు రాస్తారు, ఉంగరాలు కొంటారు. మనవాడు గడియ బిగించి ఇంటికొచ్చాడు.

సోమవారం పొద్దున్న ఫోన్లో ఫోటోలు చూసి గున్నేశ్వరరావు గారు రెండో బత్తాయి కూడా అతనికే ఇచ్చేశారు. సాయంత్రానికి కొత్త చార్టు గోడ మీదికొచ్చింది.

కృపారాణి చార్టు ముందు నిలబడింది. కడియం షటిల్ ఎదురుగా బుల్లబ్బాయి పేరు. కళ్ళు కిందికి జారాయి. విశాఖ, నైట్ అవుట్. దాని ఎదురుగా పేరు లేదు. గడి ఖాళీ.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. “ఆ గడి ఖాళీగా వదిలేశారేంటండీ?”

రమేష్ బాబు లేచి నిలబడ్డాడు. అరచేతుల నిండా టైర్ల మసి, ఎంత తోమినా పోలేదు. “మిమ్మల్ని అడిగి రాద్దామని. విశాఖ సర్వీసు మీకు ఇష్టమేనాండీ?”

“అడుగుతున్నారా?”

“అడుగుతున్నానండి.”

ఆమె అతని చేతుల వైపు చూసింది. మొహం వైపు చూసింది. ఇన్నాళ్ళ చూపు కాదది.

“ఇష్టమే. రాయండి,” అంది. రెండడుగులు వేసి ఆగింది. “ట్రాన్స్‌ఫర్ కాగితం మాత్రం ఉంటుంది. ఒక చార్టు చూసి మారిపోయారని నమ్మలేను కదా.”

“నమ్మొద్దండి. వెళ్ళొచ్చి చెప్పండి.”

గున్నేశ్వరరావు గారు ఆ కాగితాన్ని ఆమె తిరిగొచ్చేదాకా టేబుల్ మీదే ఉంచారు. రమేష్ బాబు ప్రాణం కూడా దాని పక్కనే ఉంది.

ఆమె వెళ్ళిన రాత్రి వాయుగుండం పట్టింది. తెల్లారేసరికి కాలవలు నిండి రోడ్డెక్కాయి. విశాఖ బస్సు రావలసిన టైము దాటింది. ఫోన్ కలవడం లేదు. రమేష్ బాబు గొడుగు పట్టుకుని డిపో గేటు దగ్గర నిలబడ్డాడు. తనే పంపాడు. తనే రాశాడు. షటిల్లో ఉంటే ఈపాటికి సుఖంగా గులాబీల మధ్య ఉండేది కదా అని ఒక పాడు ఆలోచన వచ్చింది. వెంటనే ఆ ఆలోచన మీద అతనికే కోపం వచ్చింది.

“ఎందుకు బాబూ ఆ కంగారు? నీ చూపులకి గేటు అరిగిపోతుంది,” అన్నారు పక్క నుంచి ఎవరో.

టీ కొట్టు పంచన నెరిసిన మీసాలాయన ఒకరు తాపీగా టీ తాగుతున్నారు. లాజరు గారు, కృపారాణి తండ్రి. ఇదే డిపోలో డ్రైవరుగా రిటైరయ్యారు.

“వందనాలండి. అమ్మాయి బస్సు ఇంకా రాలేదండి.”

“తుని దగ్గర రోడ్డు మీద నీళ్ళుంటాయి. చూసుకుని నడుపుతారు, అందుకే ఆలస్యం. నా సర్వీసంతా ఇలాగే వచ్చాను. అప్పుడు నాకోసం ఎవరూ గొడుగేసుకుని నిలబళ్ళేదు.” లాజరు గారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. “బుల్లబ్బాయి బస్సు ఆలస్యమైనా ఇలాగే నిలబడతావా?”

రమేష్ బాబు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“నిలబడవు. అయితే ఇది డ్యూటీ గొడవ కాదన్నమాట,” అని లాజరు గారు ఇంకో టీ చెప్పారు. “తాగు. వణుకుతున్నావు.”

టీ గ్లాసు సగం కాకుండానే మలుపులో హారన్ మోగింది. బురద కొట్టుకున్న బస్సు ఊగుతూ గేట్లోకి వచ్చింది. తలుపులోంచి ముందు సంచీ, ఆ వెనక చెదిరిన జడ, ఆ వెనక ఖాకీ కోటు దిగాయి. కృపారాణి ఒళ్ళు విరుచుకుని ఆవలించింది. రమేష్ బాబు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాడు.

ఆమె నేరుగా అతని గొడుగు కిందికి వచ్చింది.

“నిద్ర పట్టిందాండీ?” అని అడిగాడు. అడగాలనుకున్నవి వంద ఉండగా నోట్లోంచి వచ్చింది ఇదీ.

“కమ్మగా పట్టింది. గది శుభ్రంగా ఉంది. లోపల ఇత్తడి గడియ ఒకటి, కొత్తది.” ఆమె పెదవుల చివర ఏదో కదులుతోంది. “అక్కడి మెకానిక్కులు చెప్పారు. ఎవరో బక్కపల్చని గుమాస్తా వచ్చి, టైర్లు దొర్లించి, గడియ బిగించి, తోసి చూడమని వాళ్ళ ప్రాణం తీశాడట.”

“గడియ లేకపోతే ఎలాగండీ?”

“నాతో చెప్పలేదేం?”

“చెప్తే మళ్ళీ మంచితనం ఖరీదంటారని.”

కృపారాణి నవ్వింది. ఇన్ని నెలలు అతను ఎదురుచూసిన నవ్వు. వాన, బురద, ఆవలింత, అన్నిటితో కలిపి వచ్చింది.

“కాగితం వెనక్కి తీసేసుకుంటాను. మీకోసం కాదు. డ్యూటీ కోసం.”

“అలాగేనండి.”

“కొంచెం మీకోసం.”

“అలాగే... ఏమన్నారండీ?”

ఆమె అప్పటికే లెక్క అప్పజెప్పడానికి వెళ్ళిపోయింది. టీ కొట్టు పంచన లాజరు గారు గ్లాసులోకి చూస్తూ మీసాల్లో నవ్వుకుంటున్నారు.

వరి కోతలయ్యాక చర్చిలో కోతపండగ వచ్చింది. ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అవన్నీ ఆవరణలో వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, బస్తాల ధాన్యం. దేవకుమారి తను పెంచిన ఎర్రటి డేగ పుంజుని తెచ్చింది. బిర్యానీ వాసనకి బుల్లబ్బాయి కూడా పాపని ఎత్తుకుని దిగాడు. పాప ఇప్పుడు అతని మొహం చూసి ఏడవడం లేదు.

సంఘ పెద్ద పుంజుని పైకెత్తి వేలం పాట మొదలుపెట్టాడు. ముందు వరసలో బియ్యం వ్యాపారి చెయ్యెత్తాడు. వెనక ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో చెయ్యి లేచింది.

అందరూ తిరిగి చూశారు. కృపారాణి. విశాఖ సర్వీసు చేసిన నెల జీతం ముందు రోజే వచ్చింది, బుల్లబ్బాయి జీతంతో సమానంగా. వ్యాపారి పెంచాడు. ఆమె పెంచింది. అతను మళ్ళీ పెంచాడు. ఆమె లేచి నిలబడి ఇంకా పెంచింది. వ్యాపారి దండం పెట్టి కూర్చున్నాడు.

ఆమె పుంజుని చంకలో పెట్టుకుని జనం మధ్య నుంచి నడిచి దేవకుమారి ముందు ఆగింది.

“ఇది మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యగారూ. కొన్నాళ్ళకి నేనే మీ ఇంటికి వచ్చి చూసుకుంటాను.” అని పక్కన బొమ్మలా నిలబడ్డ రమేష్ బాబు వైపు తిరిగింది. “మీకు ఇష్టమేనాండీ?”

పుంజు ఒక్కటే కొక్కొక్కో అంది.

“బాబూ, అమ్మాయి అడిగింది,” అన్నారు లాజరు గారు వెనక నుంచి. “అడిగినప్పుడు జవాబు చెప్పాలి.”

“ఇష్టమేనండి!” రమేష్ బాబు గొంతు పాటల బృందం కంటే పైకి వెళ్ళింది. చప్పట్లు మోగాయి. దేవకుమారి పుంజుతో సహా కోడల్ని కావలించుకుంది. కొడుకు విశాఖలో చూసిన గది ఎవరికోసమో ఆవిడకి అప్పుడు అర్థమైంది, బెంగ తీరి కళ్ళు ఒత్తుకుంది.

గోల సద్దుమణిగాక రమేష్ బాబు ఆమె పక్కకి జరిగాడు.

“పాస్టరు గారు డిసెంబరు మొదటి శనివారం పెళ్ళికి ఖాళీ ఉందంటున్నారు. పెట్టేసుకుందామా?”

“శనివారమా?” కృపారాణి ఆలోచించింది. “ఆ రోజు నాకు విశాఖ పడుతుందేమో. చార్టు చూడాలి.”

“చార్టు వేసేది నేనే కదండీ!”

“అందుకే చెప్తున్నా,” అని ఆమె అతని చేతిలో పుంజుని పెట్టింది. “అడిగి వేయండి.”